చంకలో పగులు

మార్చి 3, సోమవారం

పగులు కనపడింది. కుడి చంకలో.

పొద్దున ఎనిమిదింటికి మేస్త్రీ, నేను నిచ్చెనెక్కి పైకి వెళ్లాం. ఏడాదికోసారి జరిగే ఇన్‌స్పెక్షన్. ఎప్పుడూ పావురాల రెట్ట, నాచు, రెండు మూడు పెచ్చులు, అంతే. ఈసారి మేస్త్రీ రాయిని చేత్తో తడుముతూ తడుముతూ ఒకచోట ఆగిపోయాడు. ఇక్కడ చూడండి ఇంజినీరమ్మా అని పక్కకు జరిగాడు. నా గోరు దూరింది. లోపలి ఇనుప కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి, రాయిని చీలుస్తోంది. తుప్పునీళ్లు నడుము దాకా కారి ఎర్రగా చారకట్టాయి. కింద నుంచి చూసేవాళ్లకు అది నీడలా ఉంటుంది.

ఎత్తిన ఆ చెయ్యి ఒక్కటే ఆరు టన్నులు. సరిగ్గా దాని కింద నేలమీద పసుపు రంగుతో రెండు పాదాల గుర్తులు వేసి ఉంటాయి. ఫోటో స్పాట్. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు క్యూ కట్టి, వంతు రాగానే ఆ పాదాల మీద నిలబడి, చెయ్యెత్తి, టాక్సీ అని అరిచి ఫోటో దిగుతారు.

అసలు సంగతి ఎవరికీ అక్కర్లేదు. నూట పదేళ్ల కిందట ఈ రేవులో కిక్కిరిసిన పడవ ఒకటి బయల్దేరుతుంటే, ఒడ్డున ఉన్న ఒకావిడ చెయ్యెత్తి ఆపమని అరిచింది. ఆపలేదు. అరవై రెండు మంది పోయారు. వాళ్ల పేర్లు పీఠం మీద చెక్కి, పైన ఆవిణ్ని రాతి విగ్రహంగా నిలబెట్టారు. నలభై ఏళ్ల కిందట ఏదో సినిమాలో ఒక కమెడియన్ ఆవిడ ముందు కారాపి, ఎక్కడికెళ్లాలి అత్తయ్యా అని అడిగాడట. అంతే. అప్పటి నుంచి ఆవిడ టాక్సీ అత్త. కార్టూన్లలో టాక్సీ అత్త, బిస్కెట్ల ప్రకటనలో టాక్సీ అత్త. వేరే గ్రహం వాళ్లు దిగే సినిమాల్లో మొట్టమొదట ఆవిడనే గుద్దేస్తారు. హాల్లో ఈలలు.

పగులుకు అడ్డంగా ఒక గాజు ముక్క అతికించి దిగాం. రాయి కదిలితే గాజు విరుగుతుంది.

మార్చి 5, బుధవారం

మా శాఖ డైరెక్టర్‌కు నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చాను. ఫోటోలు, కొలతలు, అన్నీ. కోరింది రెండే. ఫోటో స్పాట్ వెంటనే మూసెయ్యాలి. చేతికి కింద నుంచి ఆసరా కట్టాలి.

మార్చి 7, శుక్రవారం

రిపోర్టు తిరిగొచ్చింది. డైరెక్టర్ మొదటి పేజీలోనే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. చంక అనే మాట ప్రభుత్వ ఫైల్లో ఉండకూడదట. ఎవరైనా చూస్తే నవ్విపోతారమ్మా అన్నారు. మరేం రాయమంటారు సార్ అంటే, ఆలోచించి చెప్తానన్నారు. సాయంత్రం ప్యూన్ చేతికి చీటీ ఇచ్చి పంపారు. అందులో ఒకటే మాట. బాహుమూలము.

పదకొండు చోట్ల మార్చాను. పగులెంత లోతుందని ఆయన అడగలేదు.

మార్చి 9, ఆదివారం

తమ్ముడు భోజనానికి వచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడు. పోస్టర్ల మీద వాడి పేరు నాన్‌స్టాప్. గంటన్నర సేపు ఒక్కడే స్టేజీ మీద నిలబడి జనాన్ని నవ్విస్తాడు. పదిహేనేళ్లుగా వాడి ప్రోగ్రాంలో ఆఖరి ఐటం టాక్సీ అత్త. ఆవిడ గొంతు పెట్టి, దారిన పోయే ప్రతి టాక్సీవాడితోనూ గొడవ పడతాడు. వాడి ఇల్లు, పేరు, పెళ్లి, అన్నీ ఆవిడ చలవే. నా ఉద్యోగమూ ఆవిడ చలవే. ఒక్క తల్లి పిల్లలం, ఒక్క విగ్రహాన్ని పట్టుకుని బతుకుతున్నాం. వాడు నోరు తెరిస్తే చప్పట్లు. నేను నోరు తెరిస్తే ఎర్ర సున్నాలు.

కడుపులో పెట్టుకోలేక బాహుమూలం సంగతి చెప్పేశాను. తమ్ముడికి పొలమారింది. అమ్మ వాడి నెత్తి మీద తడుతూ తనూ నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. రెండు రోజులుగా మండిపోతున్న ఒళ్లు కాస్త చల్లబడింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వాడు ఆ మాటను రెండుసార్లు గొణుక్కున్నాడు. ఏమిట్రా అంటే ఏం లేదన్నాడు.

మార్చి 15, శనివారం

డైరెక్టర్ గారు ఫైలు స్టడీ చేస్తున్నారట. ఎనిమిది రోజులుగా. నాలుగు పేజీలు.

మార్చి 17, సోమవారం

బస్సులో ఉండగా పక్కసీటావిడ ఫోన్లో మా తమ్ముడి గొంతు వినపడింది. నిన్న సాయంత్రం ప్రోగ్రాం. డాక్టర్‌గారూ, నూట పదేళ్లుగా చెయ్యి దించలేదండీ, చంకలో పగిలిందండీ అని టాక్సీ అత్త ఏడుస్తోంది. డాక్టర్ అంటున్నాడు, చంక అనకమ్మా, ఇది గవర్నమెంటాసుపత్రి, బాహుమూలం అనాలి.

హాలంతా గొల్లుమంది. బస్సులో ఆవిడా గొల్లుమంది. నాకు చూపించబోయింది కూడా. చూడండి, భలే చేశాడు అని.

దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

అదే రోజు, సాయంత్రం

డైరెక్టర్ పిలిచి, ఫైల్లోని మాట బయటికెలా పోయిందని అడిగారు. మా తమ్ముడికి నేనే చెప్పానన్నాను. అరుస్తారనుకున్నాను. అరవలేదు. ఆ క్లిప్పు ఎన్ని లక్షల మంది చూశారో చెప్పారు.

తమ్ముడికి ఫోన్ చేసి తిట్టాను. వాడు అక్కా అక్కా అంటున్నా వినకుండా పెట్టేశాను. అమ్మ వంటింట్లోంచి, వాడు నవ్విస్తాడు, నువ్వేమో భయపెడతావు, జనం ఎవరి దగ్గరికి పోతారే అంది.

మార్చి 18, మంగళవారం

నా టేబుల్ మీద ఎవరో చెమట వాసన పోగొట్టే స్ప్రే డబ్బా పెట్టి వెళ్లారు. రిబ్బన్ కట్టి మరీ.

మార్చి 21, శుక్రవారం

జనం మూడింతలయ్యారు. ఇప్పుడు చెయ్యెత్తి ఫోటో దిగడం పాతబడింది. పసుపు పాదాల దగ్గర వెల్లకిలా పడుకుని, చంకలోకి ఫోన్ పెట్టి తీస్తున్నారు. ఆరు టన్నుల కింద. కుటుంబాలకు కుటుంబాలు. ఒకాయన చంటిపిల్లను పొట్టమీద కూర్చోబెట్టుకుని పడుకున్నాడు.

లేపబోయాను. ఇక్కడ ప్రమాదమండీ, నేను ఇంజినీర్ని అన్నాను. ఆయన నవ్వి, మీరు ఆ బాహుమూలం మేడమా, ఒక సెల్ఫీ అన్నాడు.

డైరెక్టర్ చంకలు గుద్దుకుంటున్నారు. ఈ మాట ఇక్కడ రాసుకోవచ్చు. ఇది ప్రభుత్వ ఫైలు కాదు.

మార్చి 24, సోమవారం

గాజు విరిగింది.

మేస్త్రీ రెండు ముక్కలూ రుమాల్లో చుట్టి పట్టుకొచ్చాడు. ఇక్కడే ముప్పయ్యేళ్లుగా రాయి కొడుతున్నాడాయన. ఎప్పుడూ తొందరపడి మాట్లాడడు. ఇంజినీరమ్మా, ఇది ఇంకో ఏడు ఉండదు అన్నాడు. ఏడాదా అని అడిగాను. వారం అన్నాడు.

గాజు ముక్కలు డైరెక్టర్ బల్లమీద పెట్టాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి, పావురం తన్నిందేమో అన్నారు. పావురాలు చంకలో ఎగరవు సార్ అన్నాను. ఆ మాట వాడొద్దని చెప్పానా అన్నారు.

మూసెయ్యడానికి ఇప్పుడు వీల్లేదట. సెలవుల సీజన్ అయిపోనివ్వాలట. ఇంత మంది వస్తుంటే మూస్తే పైవాళ్లకు ఏం చెప్తాం అన్నారు. మూయకపోతే ఏం చెప్తారు అని నేను అడగలేదు. అడగాల్సింది. మెట్లు దిగాక నోటికొచ్చింది. నాకెప్పుడూ ఇంతే.

మార్చి 25, మంగళవారం

తాడు కట్టాను. పన్నెండింటికి కట్టాను. పన్నెండుంబావుకి జనం దాని కింద నుంచి దూరారు. ఒంటి గంటకు డైరెక్టర్ మనిషి వచ్చి విప్పేశాడు. చేతికి మెమో ఇచ్చాడు. అనుమతి లేకుండా సందర్శకులకు ఆటంకం కలిగించితిని గనుక.

మార్చి 26, బుధవారం

తమ్ముడి ఇంటికి వెళ్లాను. తొమ్మిది రోజుల తర్వాత మాటలు. మరదలు టీ పెట్టి, మా ఇద్దరినీ చూసి పక్కగదిలోకి వెళ్లిపోయింది.

గాజు ముక్కలు చూపించాను. నిజంగానే పడిపోతుందా అని అడిగాడు. నువ్వు జోకు చేసిన ప్రతి మాటా నిజంరా, నిజం కాబట్టే నవ్వొచ్చింది అన్నాను. వాడు గాజు ముక్కలు మళ్లీ రుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టాడు. నేను చెప్తాను అక్కా, స్టేజీ మీద చెప్తాను, నేను చెప్తే వింటారు అన్నాడు.

అవును. నాకన్నా వాడి మాటే వింటారు. ఒప్పుకోవడానికి మనసొప్పలేదు గానీ ఒప్పుకున్నాను.

మార్చి 28, శుక్రవారం

ఆరింటి ప్రోగ్రాం. మొదటి వరసలో కూర్చున్నాను. పదిహేనేళ్లలో వాడి ప్రోగ్రాంకు వెళ్లడం ఇది రెండోసారి.

గంటసేపు మామూలుగానే నవ్వించాడు. టాక్సీ అత్త ఐటం రాగానే టోపీ తీసి స్టూలు మీద పెట్టాడు. మామూలు గొంతుతో మొదలుపెట్టాడు. ఇది జోకు కాదు, ఆ చేతిలో నిజంగా పగులుంది, మా అక్క ఇంజినీరు, దయచేసి ఎవరూ దాని కింద నిలబడొద్దు.

నవ్వు మొదలైంది. మా అక్క ఇంజినీరు అన్నచోట మొదలైంది.

నేను సీరియస్‌గా చెప్తున్నానండీ అన్నాడు. ఇంకా పెరిగింది. రెండు చేతులూ జోడించాడు. వెనక వరసల వాళ్లు లేచి నిలబడ్డారు. వాడు ఇక మాట్లాడలేక ఊరికే నిలబడితే, ఆ నిలబడటానికి కూడా నవ్వారు. అంత పెద్ద నవ్వు వాడి జన్మలో ఎప్పుడూ వచ్చి ఉండదు.

బయటికొచ్చాక ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. పక్కనుంచి వెళ్తున్నవాళ్లు వాడి భుజం తట్టి, ఈరోజు ఇరగదీశావు అంటున్నారు. వాడు దణ్ణం పెడుతూనే ఉన్నాడు.

మార్చి 29, శనివారం

పొద్దునే వచ్చి, పైకి తీసుకెళ్లు అక్కా అన్నాడు. నిచ్చెనంటే చిన్నప్పటి నుంచి భయం వాడికి. మేస్త్రీ ముందు, వాడు మధ్య, నేను వెనక. కళ్లు మూసుకుని ఎక్కాడు.

పగుల్లో ఇప్పుడు గోరు కాదు, వేలు పడుతుంది. వాడు వేలు పెట్టి చూసి వెంటనే తీసేశాడు. పదిహేనేళ్లుగా ఈవిణ్ని ఆడిస్తున్నాను, ఒక్కసారీ దగ్గరికి రాలేదు అన్నాడు. కిందికి చూశాడు. పసుపు పాదాల చుట్టూ జనం. కళ్లు తిరిగి మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు.

కిందికొచ్చాక నీళ్లు తాగి అడిగాడు, చెయ్యి పడితే ముక్కలు ఎంత దూరం ఎగురుతాయని. ముప్పై మీటర్లు అన్నాను. లేచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. మైదానం అవతలి చివర టికెట్ కౌంటర్ మెట్ల దగ్గర ఆగి, ఇక్కడా అని చెయ్యూపాడు.

ఎందుకో నాకు అర్థం కాలేదు.

మార్చి 31, సోమవారం

ఇప్పుడర్థమైంది. తొమ్మిదింటికి గేటు తీయగానే తమ్ముడు టికెట్ కౌంటర్ మెట్లెక్కి, చిన్న స్పీకర్ పెట్టుకుని మొదలుపెట్టాడు. నాన్‌స్టాప్ ఊరికే ప్రోగ్రాం ఇస్తున్నాడంటే ఎవరు ఆగరు? క్యూ చెదిరిపోయింది. పసుపు పాదాల దగ్గర ఆ చివర ఇద్దరు, ఈ చివర ముగ్గురు. ఆ అయిదుగుర్నీ నేను, మేస్త్రీ బతిమాలి అటు పంపించాం.

వద్దని చెప్తే వినని జనం, నవ్వు వినపడితే వాళ్లంతట వాళ్లే పరిగెత్తారు. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు, నాలుగు పేజీల రిపోర్టు, రెండు గాజు ముక్కలు. వాడు మైకులో కాకిలా అరిచాడు, అయిపోయింది.

గంట పని, పది నిమిషాలు విరామం. సాయంత్రం గేటు మూసేదాకా.

ఏప్రిల్ 1, మంగళవారం

ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేశాను. టాక్సీ అత్త చెయ్యి పడిపోయేలా ఉందని చెప్పాను. అవతలాయన, ఇవాళ తేదీ ఎంతో మాకూ తెలుసు మేడం అని పెట్టేశాడు.

ఏప్రిల్ 2, బుధవారం

వాడి గొంతు పోయింది. మాటలు రావడం లేదు, మూకాభినయం చేస్తున్నాడు. అది ఇంకా బాగుందంటున్నారు.

డైరెక్టర్ కిటికీలోంచి చూస్తున్నారు. అనుమతి లేని ప్రదర్శన అని రెండో మెమో సిద్ధమవుతోందట. టైపిస్టు చెప్పింది. అందులో స్పెల్లింగ్ ఒకటి ఆయన నన్నే అడిగించారు. మధ్యాహ్నానికి అదీ నా చేతికొచ్చింది.

మరదలు ఫ్లాస్కుతో వేణ్నీళ్లు తెచ్చింది. ఇంకెన్నాళ్లు వదినా అంది. తెలియదన్నాను. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. పడేదేదో పడిపోతే బాగుండు అనుకున్నాను. అనుకుని, భయపడి, లేచి వెళ్లి పసుపు పాదాల దగ్గర నిలబడ్డాను.

ఏప్రిల్ 3, గురువారం

ఇప్పుడే ఇంటికొచ్చాను. రాస్తాను.

పదకొండున్నర. అవతల మూడొందల మంది దాకా ఉన్నారు, విగ్రహానికి వీపు పెట్టి. వాళ్లందరికీ ఎదురుగా తమ్ముడు. అంటే అంత జనంలో విగ్రహాన్ని చూస్తున్నవాడు వాడొక్కడే. ఇవతల నేను, మేస్త్రీ, ఒక పెద్దావిడ, ఆవిడ మనవరాళ్లు ఇద్దరు. ఆ పెద్దావిడ ఎంత చెప్పినా కదలదు. నవ్వుకోడానికి రాలేదు, ఫోటో కోసం వచ్చాను, మా ఆయనతో ఇక్కడే దిగాను, మళ్లీ దిగుతాను అంటుంది. పాదాల మీద పాదాలు పెట్టి నిలబడింది. పిల్లలు ఫోన్ పట్టుకున్నారు.

స్పీకర్లోంచి తమ్ముడి గొంతు వినిపించింది. నిన్నంతా రాని గొంతు. అక్కా, అన్నాడు. ఒక్క మాటే.

జనం విరగబడి నవ్వారు.

నేను తలెత్తాను. చంకలోంచి దుమ్ము రాలుతోంది, పిండి జల్లించినట్టు. మేస్త్రీ అప్పటికే పిల్లలిద్దరినీ చెరో చంకలో ఇరికించుకుని పరిగెడుతున్నాడు. నేను పెద్దావిడ నడుం పట్టుకుని లాగాను. ఆవిడ నన్ను కొట్టింది. లాగాను. తిట్టింది. లాక్కుంటూనే పోయాను. ఎన్ని అడుగులు వేశానో తెలియదు.

చప్పుడు నాకు గుర్తులేదు. కాళ్లకింద నేల లేచి మళ్లీ దిగడం గుర్తుంది. తర్వాత దుమ్ము. దుమ్ములోంచి అవతల ఇంకా ఇద్దరు ముగ్గురి నవ్వు, ఆపడం మర్చిపోయినట్టు.

ఎవరికీ ఏం కాలేదు. మేస్త్రీ మోచెయ్యి చెక్కుకుపోయింది. పెద్దావిడ నా పక్కనే నేలమీద కూర్చుని చీర దులుపుకుంటూ, ఫోటో వచ్చిందా లేదా అని పిల్లల్ని అడిగింది. రాలేదు. పసుపు పాదాలున్న చోట నడుంలోతు గొయ్యి.

తమ్ముడు మైదానం అడ్డంగా పడి పరిగెత్తుకొచ్చాడు. నన్ను తల నుంచి పాదాల దాకా తడిమి చూశాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

డైరెక్టర్ టీవీలో కనపడ్డారు. శాఖ ముందుజాగ్రత్తగా సాంస్కృతిక కార్యక్రమం ఏర్పాటుచేసి సందర్శకులను సురక్షిత ప్రాంతానికి మళ్లించిందట. ఎంతో ముందుగానే బాహుమూలంలో లోపాన్ని గుర్తించామన్నారు. రెండు మెమోలూ వెనక్కి తీసుకున్నామని మధ్యాహ్నం చెప్పి పంపారు. తీసుకోనివ్వలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను.

అమ్మ ఆ ముక్క టీవీలో మూడుసార్లు చూసింది. చెల్లాచెదురైన రాళ్లు చూపిస్తుంటే లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నువ్వు భయపెట్టడమే మంచిదైంది అంది. అంతకుమించి అమ్మ ఒప్పుకోదు.

టాక్సీ దొరికింది, చెయ్యి దించేసింది అని పొద్దుటికే జోకులు. తమ్ముడు అక్కా అని అరిచిన క్లిప్పుకు ఎవరో పాట కూడా కట్టారు. ఆ జోకుల మీద ప్రోగ్రాం చెయ్యమని వాడికి ఒకటే ఫోన్లట. గొంతు బాగాలేదని చెప్పాడట. గొంతు నిన్ననే వచ్చేసింది.

ఏప్రిల్ 26, శనివారం

పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. వచ్చే నెల వేరే ఊళ్లో ప్రోగ్రాం ఒప్పుకున్నాడట. ఆ ఊరి గడియారస్తంభం నలభై ఏళ్లుగా పన్నెండే చూపిస్తుందని అక్కడి వాళ్లంతా నవ్వుకుంటారట. దాని మీద మంచి ఐటం తట్టింది అన్నాడు. చెప్పు అన్నాను.

ముందు నువ్వొచ్చి చూడు, తర్వాత చెప్తాను అన్నాడు.

రేపు ఉదయం బస్సుకు వెళ్తున్నాను. మేస్త్రీ కూడా వస్తానన్నాడు.